దానం స్టాంపులు, టీబీ సీళ్లు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఈ స్టాంపులు పోగేస్తానని తెలిసినవాళ్లు బెజవాడలో కనిపించినా, గుంటూరులో పెళ్లిలో పక్కన కూర్చున్నా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. నేనూ చెప్పిందే చెబుతుంటాను. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది వెతుక్కోండి.

అసలు దానం స్టాంపు అంటే ఏంటి?

ఉత్తరం చేరడానికి కట్టే డబ్బుతో పాటు ఆసుపత్రికో, అనాథ పిల్లలకో, యుద్ధ బాధితులకో ఇంకాస్త డబ్బు వసూలు చేయడానికి వేసే స్టాంపు. నేను వీటిని మూడు రకాలుగా విడదీసుకుంటాను. ఒకటి, తపాలా శాఖే వేసేది, దాని మీద 10+5 అని ప్లస్ గుర్తు ఉంటుంది, మొదటి అంకె తపాలా ఖర్చు, రెండోది దానం. ఇష్టముంటే కొంటాం, లేకపోతే మామూలు స్టాంపు అంటిస్తాం. రెండోది బలవంతపు రకం, పేరుకు సహాయం, నిజానికి పన్ను, అది లేకుండా ఉత్తరం వేయడానికి వీల్లేదు. మూడోది సీలు. చూడటానికి అచ్చం స్టాంపులాగే చుట్టూ పళ్లతో ఉంటుంది కానీ తపాలాకి చెల్లదు, ఏదో ఒక సంఘం ముద్రించి అమ్ముతుంది, మనం కవరు మీద అలంకారంగా అంటించుకుంటాం. మన చిన్నప్పటి టీబీ సీలు ఈ మూడో రకం. ఇలా తపాలాకి చెల్లని బిళ్లలన్నిటినీ ప్రపంచమంతటా సిండ్రెల్లాలు అంటారు. సవతి తల్లి ఇంట్లో పిల్ల కదా, పేరు బాగా కుదిరింది.

వీటిని మొదట ఎవరు మొదలుపెట్టారు?

ప్లస్ రకానికి ముందువరసలో చెప్పేది 1897లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వేసిన రెండు స్టాంపులు. విక్టోరియా రాణి వజ్రోత్సవం పేరు చెప్పి క్షయ రోగుల ఆశ్రమానికి డబ్బు పోగు చేశారు. ఒక పెన్నీ స్టాంపు ఒక షిల్లింగుకు, రెండున్నర పెన్నీల స్టాంపు రెండున్నర షిల్లింగులకు అమ్మారు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి రెండూ ముఖవిలువకి 12 రెట్లు! ఇంత పెడితే ఎవరు కొంటారండీ, సేకరించేవాళ్లు తప్ప. అప్పట్లోనే స్టాంపుల పత్రికలవాళ్లు తిట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది.

సీలు కథ దీనికంటే బాగుంటుంది. డెన్మార్క్‌లో ఐనార్ హోల్బోల్ అనే పోస్టాఫీసు గుమాస్తా క్రిస్మస్ ముందు గుట్టలుగా వచ్చిపడే ఉత్తరాలు విడదీస్తూ, ప్రతి ఉత్తరం మీదా ఒక చిన్న బిళ్ల అదనంగా ఉంటే ఎంత డబ్బు వస్తుందో కదా అనుకున్నాడట. రాజుగారు ఒప్పుకున్నారు. 1904లో రాణి లూయీస్ బొమ్మతో మొదటి క్రిస్మస్ సీలు వచ్చింది, ఆ ఏడాదే 40 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ డబ్బులతో కోల్డింగ్ ఊళ్లో క్షయ వచ్చిన పిల్లలకి శానిటోరియం కట్టారు. ఇది మంత్రికో డాక్టరుకో వచ్చిన ఆలోచన కాదు, సార్టింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి వచ్చింది. మా ఇంట్లో ఒక పోస్టల్ ఉద్యోగి ఉండేవారు కాబట్టి నాకీ సంగతి చెప్పడం ఎప్పుడూ ఇష్టమే.

ఆ మాట అమెరికా చేరింది. 1907లో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో ఎమిలీ బిస్సెల్ అనే ఆవిడ మూతపడబోతున్న ఒక చిన్న శానిటోరియం కోసం 300 డాలర్లు కావాలని సీళ్లు అచ్చేయించి ఒక్కోటి ఒక సెంటుకి అమ్మించింది. వచ్చింది దాదాపు 3000 డాలర్లు.

ఎక్కడ చూసినా క్షయేనా? వేరే జబ్బులు లేవా?

ఉన్నాయి. కానీ క్షయ అందరికీ తెలిసిన భయం, మందు లేదు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడు కానీ దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ 1943 దాకా దొరకలేదు. ఈ రెండిటి మధ్య అరవై ఏళ్లూ చేయగలిగింది గాలి, వెలుతురు, పాలు, గుడ్లు, విశ్రాంతి. అంటే శానిటోరియం. దానికి స్థలం కావాలి, మంచాలు కావాలి, నెలలు, ఏళ్లు తిండి పెట్టాలి. అందుకే సీళ్లు.

మన వైపు కూడా అంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచారు. మంగళగిరి దగ్గరా ఒక టీబీ శానిటోరియం ఉండేది, ఇప్పుడు ఎయిమ్స్ కట్టింది ఆ స్థలంలోనే. మా చిన్నప్పుడు గుంటూరు నుంచి బెజవాడ బస్సులో వస్తుంటే మంగళగిరి దగ్గర అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది, మమ్మల్నీ ముక్కు మూసుకోమనేది. రోడ్డు మీద పోయే బస్సులోకి జబ్బు ఎగిరొస్తుందని! 1982లో కాక్ పరిశోధనకి నూరేళ్లయిందని మన తపాలా శాఖ వేసిన 35 పైసల స్టాంపు చూసినప్పుడల్లా నాకు ఆ కొంగే గుర్తొస్తుంది.

తర్వాత సంగతి కూడా మనకి దగ్గరలోనే జరిగింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన కేంద్రం, ఇంట్లోనే ఉండి మందులు వేసుకునేవాళ్లకీ శానిటోరియంలో ఉన్నవాళ్లకీ దాదాపు ఒకేలా నయమవుతోందని 1959లో చూపించింది. అక్కణ్ణించి ప్రపంచంలో శానిటోరియంల అవసరం తగ్గుతూ వచ్చింది. నా ఆల్బమ్‌లో వేరే దేశాల సీళ్లు వరసగా పెడితే ఆ మార్పు కంటికి కనిపిస్తుంది, మొదట్లో మంచాలు, నర్సులు, ఎండలో పిల్లలు, ఆ తర్వాత ఎక్స్‌రే, సూది, రానురాను పూలు, పక్షులు.

మన టీబీ సీలు ఎప్పటిది?

టీబీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1939లో ఏర్పడింది. వాళ్లు 1950లో సీలు అమ్మకం మొదలుపెట్టారు, ఏటా గాంధీ జయంతి రోజు అక్టోబరు 2న విడుదల చేస్తారు. డబ్బై, ఎనభైల్లో బడికి వెళ్లినవాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మాస్టారు ఒక్కో పిల్లవాడికి ఇన్ని అని చింపి చేతికిచ్చేవారు, ఇంటికి తెచ్చి నాన్న దగ్గర చిల్లర అడగాలి, ఆయన విసుక్కుంటూ ఇస్తారు, అవి నోటుపుస్తకం అట్ట మీదో, బీరువా తలుపు మీదో, తమ్ముడి నుదుటి మీదో అంటుకుని ఉండేవి. ఒకసారి అమ్ముడుపోనివి వెనక్కిస్తే ఒక మాస్టారు తీసుకోలేదు, ఆ డబ్బులు నా కంపాస్ బాక్సులోంచి పోయాయి. ఇన్నేళ్లయినా అది మర్చిపోలేదు, అయితే ఆ నాలుగు సీళ్లే నా ఆల్బమ్‌లో మొదటి పేజీ.

స్విట్జర్లాండ్‌లో 1913 నుంచి ప్రో యువెంటూటే అని పిల్లల సంక్షేమం కోసం వేసే స్టాంపుల్ని అక్కడి బడిపిల్లలు ఇంటింటికీ తిరిగి అమ్ముతారు. అంటే ఈ ఇబ్బంది మన ఒక్కళ్లదే కాదు.

సీలు మీద రెండు అడ్డగీతల శిలువ ఉంటుంది, అది మతం గుర్తా?

కాదు. లొరేన్ శిలువ అంటారు. 1902లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో పారిస్ డాక్టర్ జిల్బేర్ సెర్సిరోన్ క్షయ మీద పోరాటానికి గుర్తుగా ఇది పెట్టుకుందామన్నాడు. కవరు మీద తెలియని భాషలో బిళ్ల ఉండి, ఎక్కడో మూల ఈ గుర్తు ఉంటే కళ్లు మూసుకుని క్షయ ఫైల్లో పెట్టేయండి.

1971 శరణార్థుల స్టాంపు అంటారే, అది ఏ రకం?

రెండో రకం, బలవంతపుది. నా లెక్కలో మన దేశం స్టాంపుల్లో ఇంత చరిత్ర ఇంత చిన్న కాగితంలో ఇమిడినవి చాలా తక్కువ, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

1971లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటి మంది మన దేశంలోకి వచ్చారు. వాళ్లకి తిండి, గుడారాలు, మందులు. ఆ ఖర్చు కోసం ప్రభుత్వం రైలు టిక్కెట్ల మీద, విమానం టిక్కెట్ల మీద పన్ను వేసింది, ఉత్తరాల మీద 5 పైసలు వేసింది. 1971 నవంబరు 15, సోమవారం నుంచి అమలు. కొత్త స్టాంపు ముద్రించే టైము లేదు. అప్పటికే వాడుకలో ఉన్న 5 పైసల ఎర్ర స్టాంపు తీసుకుని దాని మీద హిందీలో, ఇంగ్లీషులో శరణార్థి సహాయం అని అచ్చు కొట్టారు. ఆ ఎర్ర స్టాంపు ఏదనుకున్నారు? కుటుంబ నియంత్రణది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. చిన్న కుటుంబం బొమ్మ మీద కోటి మంది ఇల్లు వదిలొచ్చిన కథ ఎక్కింది. ఎవరూ కావాలని చేసింది కాదు, 5 పైసల స్టాంపు చేతిలో అదే ఉంది, అంతే. అయినా చూసిన ప్రతిసారీ కాసేపు అలా ఆగిపోతాను.

అచ్చు కొట్టినవి అన్ని ఊళ్లకీ సరిపోలేదు. కొన్నిచోట్ల పోస్టాఫీసులు స్థానికంగా రబ్బరు ముద్రలు చేయించుకుని మామూలు 5 పైసల స్టాంపు మీద కొట్టుకున్నాయి. బెంగళూరు, జైపూర్, ఢిల్లీ, గోవా ముద్రల గురించి సేకరించేవాళ్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. డిసెంబరు 1న శరణార్థుల బొమ్మతో అసలు స్టాంపు వచ్చింది. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం, 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగుబాటు. యుద్ధం రెండు వారాల్లో అయిపోయింది కానీ పన్ను మాత్రం 1973 మార్చి 31 దాకా నడిచింది. పన్ను అనేది అంతే, పెట్టడం ఒక్క రోజు పని.

మా నాన్నగారు వాళ్ల అన్నయ్యకి తెనాలికి రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గరుంది, 1972 జనవరిది. లోపల రాసిందంతా మినుముల ధర, మా అక్క జ్వరం. బయట మూలన 5 పైసల శరణార్థుల స్టాంపు. నాన్నగారు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అలా కోటి మంది కోసం తను 5 పైసలిచ్చిన సంగతి ఆయనకి గుర్తుండి కూడా ఉండదు.

వేరే దేశాల్లో ఇలాంటి బలవంతపు స్టాంపులు ఉన్నాయా?

బోలెడు. పశ్చిమ జర్మనీలో 1948 డిసెంబరు నుంచి 1956 మార్చి దాకా ఉత్తరాల మీద 2 ఫెన్నిగ్‌ల చిన్న నీలం బిళ్ల అదనంగా అంటించాల్సి వచ్చేది, సోవియట్ దిగ్బంధంలో ఇరుక్కున్న బెర్లిన్ కోసం. గోరంత ఉంటుంది. జర్మనీ కవర్ల కట్ట ఏది విప్పినా ఇది రాలుతుంది, అంత చవక.

దానం అంటే మంచిదే కదా, అన్ని స్టాంపులూ మంచి పనికేనా?

ఈ ప్రశ్న అడిగింది మా మేనకోడలు, తొమ్మిదో క్లాసు. చాలా మంచి ప్రశ్న. కాదమ్మా, అన్నీ కాదు. హిట్లర్ పుట్టినరోజుకి 1938లో జర్మనీ 12+38 ఫెన్నిగ్‌ల స్టాంపు వేసింది. 12 తపాలాకి, 38 సంస్కృతి నిధి అనే దానికి, ఆ నిధి ఆయన చెప్పుచేతల్లోనిది. మూడింతలు దానం! చలికాలంలో పేదల సహాయం పేరుతోనూ ఆ రోజుల్లో ఏటా అందమైన స్టాంపులు వేశారు, అవి ఇచ్చే సాయం ఎవరికి అందేది, ఎవరికి అందేది కాదు అనేది చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. నేను వాటిని కొనను, చేతికొస్తే పారేయను. ఆల్బమ్‌లో వేరే పేజీలో, పక్కన ఒక వాక్యం రాసి పెడతాను.

ఇంకో చివర చూడాలంటే అమెరికాలో 1998లో వచ్చిన రొమ్ము క్యాన్సర్ స్టాంపు. మామూలు తపాలా 32 సెంట్లున్నప్పుడు దీన్ని 40కి అమ్మారు. మిగిలింది పరిశోధనకి. ఏళ్ల తరబడి అమ్ముతూనే ఉన్నారు, కోట్ల డాలర్లు వచ్చాయి.

పాత సీళ్లు, కవర్లు మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతాయి?

బెజవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, కానీ స్టాంపులున్నాయా అని అడగకండి, అడగ్గానే రేటు పెరుగుతుంది. పాత పుస్తకాల్లో గుర్తుగా పెట్టిన కవర్లు చూడండి చాలు. తర్వాత పాత పేపర్ల కాటా దగ్గర. తర్వాత, ఇదే అసలుది, చుట్టాల ఇళ్లలో అటక మీది ట్రంకుపెట్టె.

గుంటూరుకి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి లూథరన్ మిషన్. 1842 నుంచి అమెరికా నుంచి మిషనరీలు వచ్చారు, కుగ్లర్ ఆసుపత్రి, ఏసీ కాలేజీ వాళ్ల చలవే. వాళ్లకి ఏటా క్రిస్మస్‌కి ఇంటి నుంచి ఉత్తరాలొచ్చేవి, కవరు వెనక అతుకు మీద క్రిస్మస్ సీలు ఉండేది. ఒక పాత కుటుంబం వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ నాకిచ్చిన కట్టలో అలాంటివి ఏడు దొరికాయి. రెండోది పొగాకు. ఎగుమతి వ్యాపారం చేసినవాళ్ల పాత ఫైళ్లలో యూరప్ కవర్లు ఉంటాయి. నా దగ్గర ఉన్నవాటిలో నాకు నవ్వు తెప్పించేది ఒక పొగాకు వ్యాపారికి బెల్జియం నుంచి వచ్చిన కవరు, దాని మీద స్టాంపు క్షయ నివారణ నిధిది, రెండు అడ్డగీతల శిలువతో సహా. ఊపిరితిత్తుల కోసం దానం చేసి, లోపల పొగాకు ఆర్డరు!

కొత్త స్టాంపులకైతే వన్ టౌన్ హెడ్ పోస్టాఫీసుకి వెళ్లండి. 200 రూపాయలతో ఫిలాటెలీ (అంటే స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవి వచ్చినప్పుడు ఇంటికే పంపిస్తారు.

కవరు మీద నుంచి స్టాంపు తీసి నీళ్లలో నానబెట్టొచ్చా?

వద్దు! మామూలు స్టాంపులైతే మీ ఇష్టం, ఇవి మాత్రం వద్దు. విడిగా ఉన్న సీలు ఒక ముద్దొచ్చే కాగితం ముక్క, అంతే. కవరు మీద ఉంటే ఏ ఊరు నుంచి ఏ ఊరికి, ఏ తేదీ, ఎవరు ఎవరికి, అన్నీ తెలుస్తాయి. తపాలా ముద్ర సగం కవరు మీద, సగం సీలు మీద పడి ఉంటే ఇంకా మంచిది, ఆ సీలు ఆ ఉత్తరంతోనే ప్రయాణం చేసిందని, తర్వాత ఎవరో అంటించలేదని దానితో తెలుస్తుంది. నేను మొదటి పదేళ్లూ చక్కగా కత్తెరతో కోసి, నానబెట్టి, ఆరబెట్టి నా చేతులతో నేనే ఎంత పాడు చేశానో లెక్క లేదు. బెజవాడ అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగు ముద్ర ఉన్న కవర్లు కూడా కోసేశాను.

నకిలీలు ఉంటాయా?

మామూలు టీబీ సీలుకి ఎవరు నకిలీ చేస్తారండీ, దాని రేటు ఒక టీ కన్నా తక్కువ. కానీ 1971 స్థానిక రబ్బరు ముద్రల విషయంలో జాగ్రత్త. 5 పైసల ఎర్ర స్టాంపు కుప్పలుగా దొరుకుతుంది, రబ్బరు ముద్ర ఏ సందులోనైనా గంటలో చేసిస్తారు. కాబట్టి విడి స్టాంపు కొనకండి. కవరు మీద, నవంబరు 15 తర్వాతి తేదీ ముద్ర స్పష్టంగా, ఆ ముద్ర రబ్బరు అక్షరాల పైన పడి ఉంటేనే చెయ్యి జేబులోకి పోవాలి. అక్షరాల కింద తపాలా ముద్ర ఉందంటే అది ఆ తర్వాత ఎవరో కొట్టింది.

వీటికి డబ్బులొస్తాయా?

రావు. న్యూజిలాండ్ 1931లో వేసిన నవ్వే అబ్బాయి స్టాంపులు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, వాటికి మంచి ధర ఉంది, ఎందుకంటే అప్పట్లో ఎవరూ కొనలేదు. జనం మంచి మనసుతో ఎగబడి కొన్నవి ఇప్పుడు చవక, మొహం తిప్పుకున్నవి ఖరీదు. ఇల్లు కట్టుకోవడానికి అయితే ఈ పని పెట్టుకోకండి.

మన ఎండకి, ఉక్కకి, వానకి ఎలా దాచాలి?

జిగురు ఉన్న సీళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టకండి, జూలై వచ్చేసరికి ఇటుక అయిపోతాయి. మధ్యలో బటర్ పేపర్ లాంటి నున్నటి కాగితం పెట్టండి. చవక ప్లాస్టిక్ కవర్లు వద్దు, రెండు వేసవులకి జిగటగా తయారై రంగు లాగేస్తాయి. ఆల్బమ్‌లు పడుకోబెట్టకుండా నిలబెట్టండి, మధ్యమధ్యలో ఫ్యాను కింద తెరిచి పెట్టండి. చెదలు, వెండి రంగు పురుగులు జిగురు కోసం వస్తాయి, నెలకోసారి తిరగేస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, కింది అరలో పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా ఇంట్లో నడుం లోతు నీళ్లు. బీరువా కింది అరలో మూడు ఆల్బమ్‌లు. నాలుగో రోజు తీస్తే బురద ముద్ద. అప్పుడు చేసింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది: తొందరపడి విడదీయలేదు, పళ్లేల్లో మంచినీళ్లు పోసి, పేజీ పేజీగా ముంచి, వాటంతట అవి ఊడే దాకా ఆగాను, తర్వాత పాత దినపత్రికల మీద కాకుండా తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువు పెట్టాను. దినపత్రిక సిరా తడికి అంటుకుంటుంది. జిగురంతా పోయింది, సగానికి పైగా స్టాంపులు బతికాయి. కవర్లు మాత్రం బతకలేదు, సిరాతో రాసిన అడ్రసులు కడుక్కుపోయాయి. నాన్నగారి ఉత్తరం పై అరలో ఉండబట్టి మిగిలింది.

ఇప్పుడు టీబీ సీళ్లు ఎవరైనా కొంటున్నారా?

ఉత్తరాలే లేనప్పుడు సీలు ఎక్కడ అంటిస్తాం. జబ్బు మాత్రం పోలేదు. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అని ప్రభుత్వ పథకం మొదలైంది, ఎవరైనా పేరు రాయించుకుని ఒక టీబీ రోగికి నెలనెలా పోషకాహారం ఇవ్వొచ్చు. పాలు, గుడ్లు అన్నాను కదా పైన, మళ్లీ అక్కడికే వచ్చాం.

మీ దగ్గర డూప్లికేట్లు ఉన్నాయా? ఇస్తారా?

డెన్మార్క్ సీళ్లు, స్విస్ పిల్లల స్టాంపులు, జర్మనీ నీలం బిళ్లలు కావలసినన్ని ఉన్నాయి, పిల్లలకైతే ఊరికే ఇస్తాను, పెద్దలైతే ఏదైనా తెచ్చి మార్చుకోండి. నాకు కావలసింది ఒక్కటే, 1971 నవంబరు 15 తేదీతో గుంటూరు గానీ విజయవాడ గానీ ముద్ర పడిన, శరణార్థుల స్టాంపున్న కవరు. చిరిగినా పర్వాలేదు, నూనె మరకలున్నా పర్వాలేదు. మీ అమ్మమ్మగారి ట్రంకుపెట్టె ఒకసారి చూడండి.